బరువంతా ఆ పొర మీదే



వందల టన్నుల రియాక్టర్‌నో, వంతెన ముక్కనో మోస్తూ మనిషి నడకకన్నా నెమ్మదిగా కదిలే బండి గురించి, ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీకు ముందుగా చెబుతాను. లాగే లారీ అవసరం లేకుండా తనంతట తాను నడిచే ఈ బండిని నెదర్లాండ్స్‌లోని మమ్మూట్ కంపెనీ అడిగితే జర్మనీలోని షోయర్లే సంస్థ తయారుచేసింది. మొదటి బండ్లు 1983లో చేతికొచ్చాయి. వెడల్పు 2.44 మీటర్లు. ఆ అంకె నాకు చాలా ఇష్టం. అది ఓడల్లో వెళ్లే కంటైనర్ వెడల్పు. ఇంత పెద్ద బరువులు మోసే యంత్రం ఏ దేశానికైనా మామూలు సరుకులా వెళ్లాలని వాళ్లు ముందే ఆలోచించారు.

దాని అసలు గొప్పతనం చక్రాల పైన ఉంది. ప్రతి ఇరుసుకూ ఒక హైడ్రాలిక్ సిలిండర్ ఉంటుంది. పక్కపక్క సిలిండర్లను గొట్టాలతో కలుపుతారు. ఒక చక్రం గుంటలో దిగితే దాని సిలిండర్ సాగుతుంది, మిగతావి ఆ మేరకు తగ్గుతాయి. అన్నింటిలో ఒత్తిడి ఒకటే కాబట్టి ఏ ఇరుసు మీదా అదనపు భారం పడదు. ఎగుడుదిగుడు దారిలో పల్లకీ బోయీలు భుజాలు సర్దుకున్నట్టే. మరి అన్ని సిలిండర్లనూ ఒకటిగా కలిపేస్తే? నూనె బరువైన వైపు నుంచి తేలికైన వైపుకు పారి, సరుకు ఒరిగిపోతుంది. అందుకే వాటిని మూడు లేదా నాలుగు గుంపులుగా విడదీస్తారు. ఎక్కడ కలపాలి, ఎక్కడ విడదీయాలి అన్నదే ఇక్కడ ఇంజనీరు చేసే నిర్ణయం.

ఇప్పుడు ఆ సిలిండర్‌లోంచి బయటికీ లోపలికీ ఆడే రాడ్‌ను చూడండి. దాని మీద సన్నని గీత పడినా, కాస్త తుప్పు పట్టినా సీలు కోసుకుపోతుంది. నూనె కారి ఒత్తిడి పడిపోతుంది. అంత బరువూ చివరికి ఆ రాడ్ పైపొర మీద ఆధారపడుతోంది. దశాబ్దాలుగా ఆ పొరను క్రోమ్ ప్లేటింగ్‌తో వేస్తున్నారు. గట్టిదే, కానీ అందులో సన్నని పగుళ్లుంటాయి, ఒక్కోసారి పెచ్చులూడుతుంది. అంతకన్నా పెద్ద సమస్య, ప్లేటింగ్ తొట్టిలోని హెక్సావాలెంట్ క్రోమియం. దాని ఆవిరి పీల్చే కార్మికులకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఉంది. 2017 సెప్టెంబర్ తర్వాత ఐరోపాలో ప్రత్యేక అనుమతి లేకుండా దాన్ని వాడకూడదు.

క్రోమ్ ప్లేటింగ్‌కు బదులు వెతికినవాళ్లలో జర్మనీలోని ఆహెన్ ఫ్రౌన్‌హోఫర్ లేజర్ సంస్థవారు ఉన్నారు. లేజర్‌తో లోహపు పొడి కరిగించి పూత వేయడం అప్పటికే తెలిసిందే. కానీ నిమిషానికి ఒకటి రెండు మీటర్ల వేగం దాటేది కాదు, పొర అర మిల్లీమీటరు పైనే ఉండేది. వాళ్లు పొడిని రాడ్ మీద కరిగిన లోహపు మడుగులో కాకుండా, అక్కడికి చేరకముందే లేజర్ కిరణంలోనే కరిగించారు. ఆ ఒక్క మార్పుతో వేగం నిమిషానికి 500 మీటర్ల దాకా పెరిగింది, పొర 25 మైక్రాన్ల దాకా తగ్గింది. లోపలి లోహానికి వేడి దాదాపు సోకదు. పూత లోహంతో కరిగి అతుక్కుంటుంది కాబట్టి ఊడిపోదు. ఈ పనికి 2017లో ఫ్రౌన్‌హోఫర్ బహుమతి వచ్చింది. సముద్రంలో వాడే భారీ సిలిండర్లకు నెదర్లాండ్స్‌లో ఈ పద్ధతిని వాడారు.

మన హైదరాబాద్ బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐలోనూ లేజర్ పూతల మీద ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. బాలానగర్ ప్లేటింగ్ షెడ్లు ఉన్నదీ ఇదే నగరంలో. అయినా లేజర్ యంత్రం ధర ఆ షెడ్డు యజమానికి అందదు. తొట్టి పక్కన నిలబడే కుర్రవాడి వయసు దాదాపు మీదే. అయితే గుండ్రంగా తిరిగే వస్తువుకే ఈ పద్ధతి బాగా సరిపోతుంది కనుక లేజర్ తలను లేత్‌కు బిగించవచ్చు. లేత్‌లు ఆ వీధుల్లో ఎన్నో ఉన్నాయి. అక్కడికి వచ్చే రాడ్‌లు మాత్రం ఒక్కోటి ఒక్కో సైజు, ఒక్కో రకం అరుగుదల. అలాంటి పనికి పొడి వృథా కాని, చిన్న షాపు కొనగలిగే యంత్రం తయారు కావాలి. మీలో కొందరైనా ఆ పనికి పూనుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.