నిన్నెవరు ఎన్నుకున్నారు?
(సంస్థ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాయకుల భార్యలు చేసే విదేశీ పర్యటనల మీద వచ్చే విమర్శల గురించి మాట్లాడమన్నారు. మన పత్రికకి ఇదేం విషయం అని మొదట నాకే అనిపించింది. విమానాలూ, విందులూ, పూలగుత్తులూ మనకెందుకు? తీరా చదవడం మొదలుపెట్టాక, ఈ విమర్శల్లో మనకి బాగా తెలిసిన గొంతు ఒకటి వినిపించింది. ఆ గొంతు గురించే చెప్తాను.

1977 మే 30న అప్పటి అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ భార్య రోజలిన్ కార్టర్ లాటిన్ అమెరికా పర్యటనకి బయల్దేరింది. జమైకా, కోస్టారికా, ఈక్వడార్, పెరూ, బ్రెజిల్, కొలంబియా, వెనెజువెలా, మొత్తం ఏడు దేశాలు, రెండు వారాలు. దీన్ని సుహృద్భావ పర్యటన అన్నారు. ఆ మాటకి మామూలుగా అర్థం ఏమిటో మనకి తెలుసు. అనాథాశ్రమానికి వెళ్లాలి, పిల్లల్ని ఎత్తుకోవాలి, ఫొటో దిగాలి, ఆ దేశం వాళ్లు కట్టే బట్ట ఒకటి కప్పించుకోవాలి. ఆమె అలా వెళ్లలేదు. బయల్దేరే ముందు విదేశాంగ శాఖ అధికారుల దగ్గర కూచుని ఒక్కో దేశం సంగతీ నేర్చుకుంది. స్పానిష్ పాఠాలు చెప్పించుకుంది. వెళ్లినచోట దేశాధినేతలతో ఆయుధాల కొనుగోళ్ల గురించీ, అణు ఒప్పందాల గురించీ, మానవ హక్కుల గురించీ మాట్లాడింది.

అప్పటికి పెరూ, ఈక్వడార్, బ్రెజిల్ సైనిక పాలనలో ఉన్నాయి. బ్రెజిల్ ప్రభుత్వానికి పశ్చిమ జర్మనీతో 1975లో చేసుకున్న అణు ఒప్పందం విషయంలో అమెరికా మీద మంటగా ఉంది. ఆ బ్రెజిల్లోనే, రెసీఫె నగరంలో, జైల్లో పెట్టి హింసించి వదిలిన ఇద్దరు అమెరికన్ మిషనరీలను ఆమె కలుసుకుంది. దొంగచాటుగా కాదు, అందరికీ తెలిసేలా. వాళ్లు చెప్పింది విని, తన భర్తకి చెప్తానంది. ఆతిథ్యం ఇచ్చిన సైనిక ప్రభుత్వానికి ఇది ఏమాత్రం రుచించలేదు.

ఇక విమర్శలు. ఆమె బయల్దేరకముందే మొదలయ్యాయి. లాటిన్ అమెరికాలో మగవాళ్ల పెత్తనం ఎక్కువ, ఆడమనిషితో అక్కడి అధ్యక్షులు రాజకీయాలు మాట్లాడతారా అన్నారు. మాట్లాడారు. అప్పుడు ప్రశ్న మారింది. ఈమెనెవరు ఎన్నుకున్నారు? ఏ పదవిలో ఉందని మాట్లాడుతోంది? విలేకరులు ఇదే అడిగితే, అధ్యక్షుడికి అందరికన్నా దగ్గరి మనిషిని నేనే కదా అనే అర్థంలో ఆమె జవాబు చెప్పింది.

ఈ జవాబు నాకు నచ్చలేదు. నిర్మొహమాటంగా చెప్తున్నాను. "నేను ఆయనకి దగ్గర" అనేది రాజుల కాలపు జవాబు. రాణిగారి తమ్ముడూ అదే అంటాడు. ఎన్నిక లేని అధికారాన్ని ప్రశ్నించడం ప్రజల హక్కు, ఆ అధికారంలో ఉన్నది ఆడదైనంత మాత్రాన మనం ఆ హక్కు వదులుకోనక్కర్లేదు. పైగా ఇలాంటి పర్యటనలో పంపినవాడికి ఒక సౌకర్యం ఉంది. ఫలిస్తే ప్రభుత్వం విజయం. బెడిసికొడితే, అది ఆవిడ స్వంత అభిప్రాయం అని తప్పుకోవచ్చు.

అయితే ఆ పదవిని భార్య ఎలా నిభాయించాలో కూడా చూడండి. జీతం లేదు, నియామకపత్రం లేదు, రాజీనామా లేదు. అధ్యక్షుడు తన బంధువుల్ని ప్రభుత్వోద్యోగాల్లో నియమించకూడదని అమెరికాలో 1967లో చట్టం చేశారు. 1978లో చేసిన ఇంకో చట్టం, అధ్యక్షుడి పనిలో భార్య సాయపడితే ఆమెకి సిబ్బందిని ఇవ్వొచ్చంది. అంటే పని ఉందని చట్టమే ఒప్పుకుంది. పనిమనిషి మాత్రం లెక్కలో లేదు. ఇది ఎక్కడో విన్నట్టు లేదూ? పొలంలో నాట్లు వేసే భార్య రైతు కాదు, రైతు భార్య. అలాంటిదే.

రెండేళ్ల తర్వాత, 1979 నవంబర్లో, ఇదే రోజలిన్ కార్టర్ థాయ్‌లాండ్ వెళ్లి కంబోడియా శరణార్థుల శిబిరాలు చూసింది. చావుబతుకుల్లో ఉన్న పిల్లల మధ్య మోకాళ్ల మీద కూచుంది. అప్పుడూ ఆమె ఎన్నికైన మనిషి కాదు. కానీ 1977లో లేచిన ప్రశ్న అప్పుడు అలా లేవలేదు. ఏడ్చే బిడ్డ దగ్గరికి వెళ్లడానికి ఎన్నిక అక్కర్లేదు, ఆయుధాల గురించి అడగడానికి మాత్రం కావాలి అన్నమాట.

సేవ చేస్తే ఎవరూ ఏమీ అనరని కూడా కాదు. 1943లో, యుద్ధం నడుస్తుండగా, ఎలియనార్ రూజ్‌వెల్ట్ రెడ్‌క్రాస్ యూనిఫారం వేసుకుని ఐదు వారాలపాటు దక్షిణ పసిఫిక్ తిరిగింది. ఆస్పత్రుల్లో మంచం మంచం దగ్గరా ఆగి గాయపడ్డ సైనికులతో మాట్లాడింది. పెట్రోలు రేషన్లో ఇస్తున్న రోజుల్లో సైనిక విమానంలో ఈ షికార్లేమిటని ఇంటి దగ్గర ప్రత్యర్థులు దుమ్మెత్తిపోశారు. అక్కడి నౌకాదళాధికారి అడ్మిరల్ హాల్సీ కూడా ఆవిడ రాకని మొదట తలనొప్పిగానే అనుకున్నాడు. చూశాక మాట మార్చుకుని మెచ్చుకున్నాడు. ఖర్చు అడగడం తప్పంటానా? అనను. డబ్బు ప్రజలది. కాకపోతే సెనేటర్లు విమానాల్లో తిరిగితే అది పర్యటన, ఆమె తిరిగితే షికారు. తేడా అక్కడుంది.

"ఎవరు ఎన్నుకున్నారు" అన్న ప్రశ్న మన ఊళ్లలో ఎలా తలకిందులవుతుందో చెప్తాను. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్లో అమల్లోకి వచ్చింది. స్త్రీలు సర్పంచులయ్యారు. ఆ తర్వాత ఒక మండలంలో జరిగిన సమావేశానికి నేను వెళ్లాను. కుర్చీల్లో భర్తలు కూచున్నారు. సర్పంచులు వెనక, గోడ వారగా, చాప మీద. ఒకాయన లేచి "మా పంచాయతీలో" అని బోర్ల లెక్క చెప్పాడు. అయ్యా, మిమ్మల్ని ఎవరు ఎన్నుకున్నారని అధికారులు అడగలేదు. అక్కడున్న వాళ్లెవరూ అడగలేదు. నేనూ అడగలేదు. భార్య భర్త పదవిలోంచి మాట్లాడితే ప్రపంచమంతా గోల. భర్త భార్య పదవిలో కూచుంటే "సర్పంచ్ పతి" అని దానికొక ముద్దుపేరు!

మళ్లీ 1977కి వస్తాను. అమెరికా దేశాల మానవ హక్కుల ఒప్పందం అని ఒకటుంది. ఆమె ఇంకా పర్యటనలో ఉండగానే, జూన్ 1న, జిమ్మీ కార్టర్ దానిమీద సంతకం పెట్టాడు. 1978 జూలైలో అది అమల్లోకి వచ్చింది. అమెరికా సెనేట్ మాత్రం ఈనాటికీ దాన్ని ఆమోదించలేదు. ఊరూరా తిరిగి హక్కుల సంగతి చెప్పొచ్చిన మనిషిని "నీకేం అధికారం" అని అడిగారు. ఆ ఒప్పందాన్ని అటకెక్కించిన సెనేట్ మీద అందులో నాలుగో వంతు గోల అయినా జరిగిందా?

ఇతరుల్నే అంటే న్యాయం కాదు. 1995 మార్చిలో హిల్లరీ క్లింటన్ కూతుర్ని వెంటబెట్టుకుని పాకిస్తాన్, ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక తిరిగింది. అంతకుముందు ఏడాదే ఆమె తయారుచేసిన ఆరోగ్య బీమా పథకం అక్కడి కాంగ్రెస్‌లో వీగిపోయింది. అందుకే బుద్ధిగా తల్లీకూతుళ్ల యాత్రకి దిగిందని అమెరికాలో రాశారు. ఇక్కడ మేం నలుగురం ఒక గదిలో కూచుని ఏం మాట్లాడుకున్నామో చెప్పనా? ఆవిడ జుట్టు గురించి. మొగుడి గురించి. స్త్రీవాదులం, మేం! అహమ్మదాబాదులో ఆమె 'సేవ' సభ్యుల్ని కలిసింది. 1972లో ఇలా భట్ మొదలుపెట్టిన సంఘం అది. కూరలమ్మేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, కాగితాలు ఏరేవాళ్లు లేచి తమ కథలు చెప్పారు. వాళ్లేం చెప్పారో, ఆ విన్నది ఎక్కడికి వెళ్లిందో మాకు పట్టలేదు.

ఆ తర్వాతి ఏడాది, 1996 జూన్లో, జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి దగ్గర పనిచేసే కార్మికుల కోసం 177వ నంబరు ఒప్పందాన్ని ఆమోదించింది. దానికోసం ఏళ్లతరబడి తిరిగినవాళ్లలో 'సేవ' ఉంది. ఫ్యాక్టరీ కార్మికులతో సమానంగా కూలీ, ప్రసూతి రక్షణ, సంఘం పెట్టుకునే హక్కు అందులో ఉన్నాయి. అమెరికా దాన్ని ఆమోదించలేదు. మన ప్రభుత్వమూ ఆమోదించలేదు.

నిజామాబాద్ నుంచి వచ్చిన బీడీ కార్మిక అక్కలు ఇక్కడ ముందు వరసలోనే ఉన్నారు. ఆ ఒప్పందం వాళ్ల గురించే. ఆకు తూకంలో ఎంత కోత పెడుతున్నారో, చాట్లో ఎన్ని బీడీలు తీసిపారేస్తున్నారో నాకన్నా వాళ్లే బాగా చెప్తారు. మైకు వాళ్లకి ఇస్తున్నాను.