చిన్న జాతి కుక్కలు - థైరాయిడ్ వ్యాధి

పశువును చూచినంతనే దాని జాతిని చెప్పగలవారు మన గుంటూరు, ప్రకాశం సీమలలో ఈనాటికిని పెక్కుమంది కలరు. మూపురము, గంగడోలు, కొమ్ము, నడక చూచి ఒంగోలు గిత్త మంచి చెడ్డలు నిర్ణయింతురు. దాని తల్లి యెవరి యింటిది, తండ్రి యెవరి మందలోనిది అని అడుగక బేరమునకు కూర్చుండరు. ఈ జాతి సముద్రములు దాటి బ్రెజిలు దేశమునకు పోయి, నెల్లూరు పేరుమీదుగా 'నెలోర్' అని పిలువబడుచు, అచ్చట కోట్ల సంఖ్యలో వృద్ధి చెందినది. గుంటూరు చెంతనున్న లాం ఫారములో ఈ జాతిపై పరిశోధన జరుగుచున్నది. పశువుల విషయమున ఇంత వివేకముగల మనము, ఇంటిలో మంచము క్రింద పండుకొను చిన్న కుక్క విషయమున మాత్రము ఆ వివేకమును మరచుచున్నాము.

మిరప ధర కలిసివచ్చిన యేడు పిల్లలు ముచ్చటపడిరని ఒక కుక్కపిల్లను తెచ్చు ఇండ్లు ఇప్పుడు పల్లెలలోను కలవు. పొమేరియన్, పగ్, డాషుండ్, బీగిల్, కాకర్ స్పానియల్ అను పేర్లు మన వీధులలో వాడుకమాటలైనవి. పిల్లను కొనునాడు బొచ్చు చూతుము, కన్నులు చూతుము, ధర చూతుము. తల్లి యెట్టిది, దానికేమి జబ్బులున్నవి అని అడుగువారు అరుదు. అట్లు అడుగనివారిలో మేమును ఒకరము. దానివలన మేము నేర్చుకొన్న పాఠమును శ్రోతల యెదుట ఉంచుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

మా యింట బుజ్జి అను డాషుండ్ కుక్క కలదు. పొట్టి కాళ్లు, పొడవైన నడుము. ఆరేండ్ల వయసు వచ్చువరకు వీధి చివర పాలవాని సైకిలు చప్పుడు వినిపించినంతనే గడప దాటి పరుగెత్తెడిది. ఆ తరువాత క్రమక్రమముగా దాని తీరు మారినది. పాలవాడు వచ్చి పోయినను తల యెత్తుట మానినది. మిట్టమధ్యాహ్నము ఎండలో అరుగుమీద పండుకొనెడిది. గుంటూరు ఎండలో నీడను వదలి ఎండను వెదకుకొను ప్రాణిని మేము అంతకుముందు చూడలేదు. తిండి తగ్గించినను ఒళ్లు పెరిగినది. తోక మీది వెంట్రుకలు రాలి అది ఎలుక తోకవలె అయినది. దురద మాత్రము లేదు. కనురెప్పలు బరువెక్కి, ముఖము ఎప్పుడును ఏడ్చినట్లు కనబడెడిది.

పొరుగింటి పెద్దావిడ చూచి, "దిష్టి తగిలిందమ్మా, ఉప్పు తిప్పి పడెయ్యండి" అనిరి. మరియొకరు వయసు మీరినదనిరి. మేము చేసిన పని వీరి మాటలకంటె అధ్వాన్నము. మా యింటి ఇల్లాలు చాల ఏండ్లుగా ఉదయమున థైరాయిడ్ మాత్ర వేసికొనుచున్నారు. ఆమెకును పూర్వము ఇట్టి మందకొడితనమే, ఇట్టి జుట్టు రాలుటయే. రోగ మొక్కటియే కదా, మందును ఒక్కటియే కావలెనని తలచి, 50 మైక్రోగ్రాముల మాత్రను సగము చేసి, పెరుగన్నములో కలిపి నెల దినములు బుజ్జికి పెట్టితిమి. గుణమేమియు కనబడలేదు. తుదకు ఒకనాడు అది మెట్టు ఎక్కలేక వెనుక కాళ్లు తడబడి కూలబడినది. అప్పుడు భయపడి పశువైద్యునియొద్దకు తీసికొనిపోతిమి.

ఆ వైద్యుడు వయసున చిన్నవాడు. చెప్పినదంతయు ఓపికగా విని, "బాబాయిగారూ, రోగం మీరు ఊహించిందే కావచ్చు. కాని మీరు పెట్టిన మందు దానికి చాలదు, మన పరీక్షకు మాత్రం అడ్డం వస్తుంది" అనెను. ఆ మాటలోని అర్థము తెలియవలెనన్న థైరాయిడ్ సంగతి కొంత తెలిసికొనవలెను.

మనుష్యునకువలెనే కుక్కకును మెడలో, గాలిగొట్టమునకు ఇరుప్రక్కల, ఈ గ్రంథి యుండును. తెలుగు పాఠ్యపుస్తకములలో దీనిని అవటు గ్రంథి యందురు. దీనినుండి ఊరు థైరాక్సిన్ అను హార్మోను పొయ్యిలోని సెగ వంటిది. సెగ తగ్గినచో శరీరమందలి అన్ని పనులును మందగించును: గుండె నెమ్మదించును, చర్మము దళసరియగును, వెంట్రుక తిరిగి మొలవదు, తిన్నది క్రొవ్వుగా నిలుచును. 1873 లో లండను వైద్యుడు విలియం గల్ ఈ రోగ లక్షణములను మనుష్యులలో వర్ణించెను. 1891 లో జార్జి మర్రే అను వైద్యుడు గొఱ్ఱె థైరాయిడ్ రసమును రోగికి ఎక్కించి గుణము చూపెను. 1914 డిసెంబరు 25 వ తేదీన అమెరికాలో ఎడ్వర్డు కెండాల్ థైరాక్సిన్‌ను శుద్ధ రూపమున వేరుచేసెను. 1927 లో హారింగ్టన్, బార్జర్ అను శాస్త్రజ్ఞులు దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. నేడు మనుష్యుడు వాడు మాత్రయు, కుక్క వాడు మాత్రయు ఈ వంశములోనివే.

భేదము మోతాదులో నున్నది. గ్రంథి పూర్తిగా పనిచేయని మనుష్యునకు బరువులో కిలో ఒకటింటికి దినమునకు సుమారు 1.6 మైక్రోగ్రాములు సరిపోవును. కుక్క శరీరము ఈ మందును చాల వేగముగా ఖర్చు చేయును. కావున దానికి కిలోకు సుమారు 20 మైక్రోగ్రాములు, అదియు సాధారణముగా దినమునకు రెండుసార్లు, అవసరమగును. మా బుజ్జి బరువు 11 కిలోలు. అనగా దానికి పూటకు 220 మైక్రోగ్రాములు కావలసియుండగా మేము దినమంతటికి 25 మాత్రమే పెట్టితిమి. ఈ లెక్క విని ఎవరును ఇంటిలో మాత్రలు లెక్కింపరాదు. గుండె జబ్బుగల కుక్కకు తక్కువ మోతాదుతో మొదలుపెట్టవలసియుండును. రోగము లేని కుక్కకు ఈ మందు ఊరక పెట్టుటయు తప్పే.

మందు మాన్పించి, ఆరు వారములు ఆగి, రక్తపరీక్ష చేయించితిమి. టి-4 తక్కువగాను, దానిని పురికొల్పు టి.ఎస్.హెచ్. ఎక్కువగాను, కొలెస్టరాల్ మిక్కిలి హెచ్చుగాను తేలినది. మూడును ఒకే దిక్కు చూపినవి. పెక్కు కుక్కలలో ఈ రోగము అయొడిన్ లోపమువలన రాదు. శరీరము తన రక్షణ బలమును తన గ్రంథిపైననే త్రిప్పి దానిని నశింపజేయుటవలన వచ్చును. మన దేశమున గలగండ నివారణ పథకము 1962 లో ఆరంభమైనది. నేడు ఇంటింట అయొడిన్ ఉప్పు కలదు. ఆ ఉప్పును హెచ్చించినంతమాత్రమున నశించిన గ్రంథి తిరిగి రాదు. పైగా గ్రంథిలో నాలుగింట మూడు వంతులు పోవువరకు లక్షణములు పైకి కనబడవు. అందువలననే ఇది నడివయసున, సాధారణముగా నాలుగేండ్లు దాటిన తరువాత, బయటపడును.

అయినను ఒళ్లు వచ్చిన ప్రతి కుక్కకును, బొచ్చు రాలిన ప్రతి కుక్కకును థైరాయిడ్ అనుకొనుట పొరపాటు. మా బుజ్జి సంగతి విని మా వీధిలోని వారొకరు తమ పొమేరియన్ కుక్కను తెచ్చి చూపించిరి. వీపున, తొడలపైన బొచ్చు పోయి చర్మము నల్లబడినది. కాని అది చలాకీగా గంతులు వేయుచున్నది. పరీక్షలో థైరాయిడ్ సరిగానే యున్నది. పొమేరియన్ జాతిలో వచ్చు ఒకానొక బొచ్చు ఊడు లక్షణమది. అలొపేసియా ఎక్స్ అని దానికి పేరు. అందము చెడునే గాని ఆరోగ్యము చెడదు. అప్పటికే వారు ఇతరుల మాట విని థైరాయిడ్ మందు మొదలుపెట్టియుండిరి. వైద్యుడు దానిని మాన్పించెను.

ఇంకొక చిక్కు కలదు. వేరే జబ్బుతో బాధపడు కుక్కకును టి-4 తగ్గవచ్చును. మన మెట్టపొలములలో పిడుదులు మెండు. వానివలన వచ్చు జ్వరమున కుక్క నీరసించి, తిండి మాని, మూలకూర్చుండును. దానికి కావలసినది జ్వరపు మందే కాని థైరాయిడ్ మాత్ర కాదు. దురదకై స్టెరాయిడ్ సూదులు వేయించినను, మూర్ఛకు ఫినోబార్బిటోన్, చీముకు సల్ఫా మందులు వాడుచున్నను టి-4 తగ్గి కనబడును. కావున కుక్క ఏయే మందులు వాడినదో దాచక చెప్పవలెను. మితిమీరి నీరు త్రాగి, మాటిమాటికి మూత్రము పోసి, పొట్ట వ్రేలాడు చిన్న జాతి కుక్కకు కుషింగ్ వ్యాధి యున్నదేమో చూడవలెను. ఒక్క అంకెను చూచి రోగము నిర్ణయింపరాదని వైద్యులు చెప్పుట ఇందులకే.

బుజ్జి కాళ్లు తడబడిన కారణము వేరు. డాషుండ్ జాతికి నడుము పొడవు. వెన్నుపూసల నడుమనున్న మెత్తలు త్వరగా గట్టిపడి జారును. ఆ నడుముపై అధిక బరువు పడిన కాళ్లు పూర్తిగా పడిపోవు ప్రమాదము కలదు. పొమేరియన్ వంటి చిన్న కుక్కలలో ఒళ్లు పెరిగినచో గాలిగొట్టము మరింత అణగి, బాతు కూతవంటి దగ్గు హెచ్చును. పగ్ వంటి చప్పిడిముక్కు కుక్క వైశాఖపు ఎండకు ఊపిరాడక ప్రాణము మీదికి తెచ్చుకొనును. చిన్న కుక్కకు ఒక కిలో బరువు పెరుగుట మనకు ఒక కిలో పెరుగుటవంటిది కాదు.

తిండి విషయమున మన సీమవారికి ఒక మాట. ఆవకాయ కలిపిన ముద్ద ప్రేమతో పెట్టువారు కలరు. కారము సంగతి యటుంచుడు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తములోని ఎఱ్ఱకణములను విరుగగొట్టును. మాంసము కొట్టునుండి మెడముక్కలు తెచ్చి పచ్చిగా పెట్టుటయు మంచిది కాదు. అందు పశువు థైరాయిడ్ కలిసియున్నచో కుక్కకు ఆ హార్మోను హెచ్చి గుండె దడ పుట్టును. అన్నిటికంటె ముఖ్యము, పత్తిచేనికి, మిరపతోటకు తెచ్చిన పురుగుమందును నీట కలిపి పిడుదులు పోవునని కుక్కకు పూయరాదు. నోట నురుగు క్రమ్మి, వణకి, గంటలలో చనిపోవచ్చును. కుక్కలకై చేసిన పిడుదుల మందులు పశువైద్యుని సలహాపై దొరకును.

ఇక మందు మొదలైన తరువాత ఏమి జరిగినదో చెప్పవలెను. మాత్రను ఉదయము, సాయంకాలము, అన్నమునకు ముందు, ప్రతిదినము ఒకే వేళకు ఇచ్చితిమి. రెండు వారములకే బుజ్జి తల యెత్తి చూచుట మొదలుపెట్టినది. ఆరు వారముల తరువాత, మాత్ర వేసిన నాలుగు గంటలకు, మరల రక్తము పరీక్షించి మోతాదు సరిచూచిరి. తోకమీద వెంట్రుక మొలచుటకు మాత్రము అయిదు నెలలు పట్టినది. బరువు తొమ్మిది కిలోలకు దిగినది. కాళ్లు నిలుకడకు వచ్చినవి. ఈ మందు జీవితాంతము ఇయ్యవలెను. ఖర్చు కలదు, శ్రద్ధ కావలెను. కాని ఆ కుక్క తక్కిన కుక్కలవలెనే సుఖముగా బ్రతుకును.

2005 లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందిన కళాశాల మనకు సమీపమున గన్నవరములో కలదు. సందేహము తీరనపుడు అట్టి చోటికి పోవుట మేలు.

పిల్లను కొనువారికి తుది మాట. ఈ రోగము కొన్ని వంశములలో దిగివచ్చును. అది బయటపడు వయసునకు తల్లి కుక్క అప్పటికే రెండు మూడు ఈతలు ఈనియుండును. కావున తల్లిని మాత్రమే కాక, వీలైనచో దాని తల్లిని గూర్చియు అడుగవలెను. రోగము తేలిన కుక్కను ఈనింపరాదు. 2017 లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము కుక్కలను ఈనించి అమ్మువారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలియొద్ద నమోదు కావలెను. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. ఆ నమోదు పత్రమును చూపుమని అడుగుటకు మొగమాటపడ నక్కరలేదు.

మేము బుజ్జిని కొనునాడు ఈ ప్రశ్నలలో ఒక్కటియు అడుగలేదు. దాని మందకొడితనమును ముసలితనమనుకొని దాదాపు ఒక సంవత్సరము వృథా చేసితిమి. మీ యింటి కుక్క ఎండను వెదకుకొనుచున్నను, పిలిచిన పలుకక పండుకొన్నను, దిష్టియనియు వయసనియు సరిపెట్టుకొనక ఒక్కమారు వైద్యునికి చూపుడు. తన బాధ చెప్పుకొనుటకు దానికి నోరు లేదు. చూచి కనిపెట్టవలసినవారము మనమే.