పాత లారీ వాటర్ బాడీ లీకు: కారణం పట్టుకోవడం, బాగు చేయడం

పాత డీజిల్ లారీ ఇంజిన్‌లో నీళ్లు తిప్పే పంపును షెడ్లలో వాటర్ బాడీ అంటారు. ఇది ఇంజిన్ ముందువైపు, రేడియేటర్‌కు ఎదురుగా ఉంటుంది. క్రాంక్ పుల్లీ నుంచి వచ్చే బెల్టు దీన్ని తిప్పుతుంది. చాలా పాత మోడళ్లలో రేడియేటర్ ఫ్యాను కూడా ఈ షాఫ్టు కొసకే బిగించి ఉంటుంది. అంటే నీళ్లు తిప్పే పనితో పాటు ఫ్యాను బరువూ, బెల్టు లాగుడూ అదే బేరింగుల మీద పడతాయి. లీకు కథ చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

జంషెడ్‌పూర్‌లోని టెల్కో 1954లో డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని టాటా మెర్సిడెస్-బెంజ్ లారీలు తయారు చేసింది. 1969లో ఆ ఒప్పందం ముగిశాక ముందు గ్రిల్లు మీది మెర్సిడెస్ నక్షత్రం పోయింది కానీ, ఇంజిన్ల వరస అలాగే సాగింది. మద్రాసు పక్కన ఎన్నూరు నుంచి లేలాండ్ కామెట్లు వచ్చేవి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం దారుల్లో సరుకు మోసిన పాత బళ్లు ఎక్కువగా ఈ రెండు కుటుంబాలవే. కంపెనీని బట్టి బోల్టుల కొలతలు మారతాయి, పంపు పనిచేసే తీరు మాత్రం ఒకటే.

ఈ ప్రాంతంలో వాటర్ బాడీకి పరీక్ష పెట్టేవి రెండు: ఎత్తు, నీళ్లు. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. హార్స్‌లీ కొండ మీదికి వెళ్తే అది 1,265 మీటర్లకు చేరుతుంది. ఎత్తు పెరిగిన కొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. 300 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతూ, కొండ మీద 96 డిగ్రీల దగ్గరే పొంగు వస్తుంది. దీన్ని ఆపేది రేడియేటర్ మూత. మూతలోని స్ప్రింగు ఒత్తిడిని పట్టి ఉంచితే, ఒక్కో పౌండుకు మరుగు స్థానం ఒకటిన్నర డిగ్రీ పైకి జరుగుతుంది. పంపులోని వాటర్ సీలు కారితే ఆ ఒత్తిడి నిలవదు. చిత్తూరు వైపు నుంచి లోడుతో మొగిలి ఘాట్ ఎక్కే బండి సగం దారిలో పొగలు కక్కడానికి, కింద రోడ్డు మీద బాగానే నడవడానికి తేడా ఇక్కడుంది.

ఇక నీళ్లు. బోరు నీళ్లలో ఉండే సున్నం, ఉప్పు ఇంజిన్‌లో గట్టి పెచ్చుగా పేరుకుంటాయి. ఆ పెచ్చు, తుప్పు పొడి కలిసి సీలు ముఖం మీద ఇసుక కాగితంలా రుద్దుతాయి.

పంపును విప్పి చూస్తే లోపల ఉండేది కొంచెమే: ఒక షాఫ్టు, దాన్ని మోసే బేరింగులు, లోపలి కొసన నీళ్లు తోసే ఇంపెల్లరు, బేరింగుకు ఇంపెల్లరుకు మధ్య వాటర్ సీలు. స్ప్రింగు ఒత్తిడితో ఒక కార్బన్ రింగు నున్నటి ముఖానికి ఆని తిరుగుతూ నీళ్లను బేరింగు వైపు రానీయదు. సీలుకు, బేరింగుకు నడుమ పోత కింద ఒక చిన్న చిల్లు ఉంటుంది. సీలు దాటిన నీటి బొట్టు బేరింగులోకి పోకుండా అక్కడి నుంచి కింద పడాలని పెట్టిన దారి అది. దీన్ని ఎం-సీల్‌తో మూసేసి లీకు ఆపామనుకునే వాళ్లున్నారు. అలా మూస్తే నీళ్లు బేరింగులోకి దిగి గ్రీజును కడిగేస్తాయి. తర్వాత బేరింగు పగిలి, ఫ్యాను రెక్క రేడియేటర్‌ను చీలుస్తుంది. వందల్లో పోయే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

కారుతున్నది ఎక్కడి నుంచో ముందు తేల్చుకోవాలి. ఫ్యాను గాలికి నీళ్లు వెనక్కి చిమ్మి ఇంజిన్ అంతా తడుస్తుంది కాబట్టి తడి చోటునే నమ్మితే మోసపోతారు. ఇంజిన్ కడిగి, ఆరనిచ్చి, స్టార్ట్ చేసి టార్చి లైటుతో చూడాలి. చిల్లు కింద తెల్లటి, ఎర్రటి చార ఉంటే సీలు పోయినట్టే. పోత అతికిన అంచు వెంట ఊరుతుంటే ప్యాకింగు పోయింది. హోస్ పైపు క్లిప్పు దగ్గరైతే వాటర్ బాడీ జోలికే పోనక్కర్లేదు. ఇంజిన్ ఆపి, ఫ్యాను రెక్కను పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాలి. ఆట తగిలితే బేరింగు అరిగింది. అప్పుడు సీలు ఒక్కటే మార్చడం దండగ, వంకరగా తిరిగే షాఫ్టు కొత్త సీలునూ తినేస్తుంది.

విప్పడం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. వేడి మీద మూత తీస్తే ఆవిరి ముఖానికి కొడుతుంది. రేడియేటర్, బ్లాకు ట్యాపులు తిప్పి నీళ్లు వదలాలి. కూలెంటు కలిపిన నీళ్లు తియ్యగా ఉంటాయి, విషం కూడా. బకెట్టులో వదిలేస్తే కుక్కలు, పశువులు తాగుతాయి. ఆ తర్వాత బెల్టు, ఫ్యాను, హోస్ పైపులు తీసి బోల్టుల మీదికి రావాలి. దశాబ్దాల తుప్పు పట్టిన బోల్టును ఒక్కసారిగా తిప్పితే తల తెగి బ్లాకులో మిగిలిపోతుంది. పెనిట్రేటింగ్ ఆయిల్ వేసి ఒక రాత్రి వదలడం, కదలకపోతే చుట్టూ పోతను కాస్త వేడిచేయడం మేలు. బోల్టుల పొడవులు ఒకటి కావు. అట్టముక్కకు చిల్లులు పొడిచి ఏ చోటి బోల్టు ఆ చోటే గుచ్చి పెట్టుకోవాలి.

పుల్లీ హబ్బును సుత్తితో కొట్టకూడదు, పుల్లర్‌తోనే లాగాలి. ఇంపెల్లరు పోత ఇనుముదైతే దెబ్బకు విరుగుతుంది. సర్‌క్లిప్ తీసి, లేత్ షాపులోని ప్రెస్సు మీద షాఫ్టును నొక్కి బయటికి తీయాలి. సీలు ఆనే చోట గోరు రాస్తే గీత తగులుతుందా చూడాలి. తగిలితే షాఫ్టు మార్చాలి. కార్బన్ రాసుకునే ముఖం గరుకైతే లేత్ మీద పల్చగా కోత వేయించి నున్నగా చేయించాలి. బజారులో దొరికే వాటర్ బాడీ కిట్టులో బేరింగులు, సీలు, ప్యాకింగు వస్తాయి. ముఖం చదును చేసే పని మాత్రం కిట్టులో రాదు, తొందర్లో దాన్నే వదిలేస్తారు.

కొత్త కార్బన్ ముఖానికి నూనె చేతులు తగలకూడదు. రబ్బరు భాగానికి సబ్బు నీళ్లు రాసి, సరిపోయే గొట్టంతో నిటారుగా నొక్కాలి. ఇంపెల్లరుకు, పోతకు మధ్య సందు మాన్యువల్‌లో చెప్పినంతే ఉండాలి. ఎక్కువైతే తోపు తగ్గుతుంది, తక్కువైతే రాసుకుంటుంది. గ్రీజు నిపుల్ ఉన్న బాడీకి తుపాకీతో రెండు మూడు పోట్లు చాలు. అదేపనిగా కొడితే గ్రీజు సీలును తోసుకుని నీళ్లలో కలుస్తుంది.

పాత ప్యాకింగును పూర్తిగా గీకేసి, కొత్తదానికి పల్చగా షెల్లాక్ పూసి, బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి. మరీ బిగిస్తే కొత్త బేరింగుకే చేటు.

హీటెక్కుతోందని థర్మోస్టాట్ తీసి పారేసి ఉంటే అది మళ్లీ పెట్టాలి. కొన్ని ఇంజిన్లలో అది లేకపోతే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగొచ్చి ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది. బోరు నీళ్లు కాక, బ్యాటరీ నీళ్లలో (డిస్టిల్డ్ వాటర్) సగానికి సగం కూలెంటు కలిపి మెల్లగా పోయాలి. మూత తీసే ఉంచి ఇంజిన్ నడిపితే గాలి బుడగలు పోతాయి, నీటి మట్టం దిగుతుంది, దిగినంతా నింపాలి. కొత్త సీలు కుదురుకునే దాకా ఒకటి రెండు బొట్లు కారవచ్చు. మదనపల్లె దగ్గరి అంగళ్లు ఊరి దాకా ఖాళీ బండి తోలి, చల్లారాక చిల్లు కింద వేలు పెట్టి చూస్తే తడి ఉండకూడదు. ఆ తర్వాతే ఘాట్ ఎక్కించాలి. కొత్త బెల్టు అయితే కొన్ని వందల కిలోమీటర్లకు సాగుతుంది, అప్పుడు మరోసారి బిగించాలి.