అంటార్కిటికా సముద్రగర్భంలో బూరుగు పుప్పొడి

నేడు పట్టాలు అందుకుంటున్న విద్యార్థినీ విద్యార్థులలో భూవిజ్ఞానం చదివినవారికే కాక, సాక్ష్యాన్ని తూచి మాట్లాడవలసిన ఏ వృత్తిలో చేరబోయేవారికైనా అంటార్కిటికా సముద్రగర్భంలో దొరికిన పుప్పొడి వృత్తాంతం తెలియదగినది. 2010లో జాయిడీస్ రిజల్యూషన్ అనే పరిశోధక నౌక, తూర్పు అంటార్కిటికాలోని విల్క్స్ ల్యాండ్ తీరానికి ఎదురుగా, సుమారు 4 కిలోమీటర్ల లోతు నీటి అడుగున దాదాపు ఒక కిలోమీటరు మేర తవ్వి, పొరలుగా పేరుకున్న మట్టిని, అనగా అవక్షేపాన్ని, వెలికితీసింది. ఆ ఖండపు నేల మంచుపలక కింద ఉన్నందున, ఒకనాటి అడవుల జాడను నదులూ గాలీ చేరవేసిన కడలి అడుగునే వెతకవలసి వచ్చింది.

పుప్పొడి రేణువు వెలుపలి గోడ స్పోరోపోలెనిన్ అనే మిక్కిలి దృఢమైన సేంద్రియ పదార్థంతో ఏర్పడుతుంది కనుక, సున్నపు భాగాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతోను, ఇసుక, బంకమన్నులను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతోను కరిగించినా రేణువు మిగిలి, గోడ మీది రంధ్రాలు, చాళ్లు, అల్లికల ద్వారా తన వృక్షకుటుంబాన్ని సూక్ష్మదర్శినిలో తెలుపుతుంది. అయితే పొర వయస్సు తేల్చడానికి పుప్పొడి ఒక్కటే చాలలేదు. డైనోఫ్లాజెల్లేట్లనే సముద్ర సూక్ష్మజీవుల కోశాలు, భూ అయస్కాంత ధ్రువాలు తారుమారైన గుర్తులు తోడైనప్పుడే అవి సుమారు 5 కోట్ల 20 లక్షల సంవత్సరాల నాటి, అంటే ఇయోసీన్ యుగపు తొలిభాగపు పొరలని నిర్ధారణ అయింది.

అంతకంటె కఠినమైనది, ఆ పొర కాలపు రేణువును, ఎంతో పాత శిల కోతకు గురై కొత్త బురదలో వచ్చి చేరిన రేణువు నుంచి వేరుచేయడం. భూగర్భపు వేడి తగిలినకొద్దీ గోడ పసుపు నుంచి గోధుమరంగుకు, ఆపై నలుపుకు తిరుగుతుంది కనుక రంగు కొంత తోడ్పడుతుంది. కానీ ఈ వడపోతలో ఏమరుపాటు కలిగితే, ఎన్నడూ కలిసి పెరగని చెట్లతో ఒక అబద్ధపు అడవి తయారవుతుంది. ఈ శాస్త్రంలో అత్యంత గౌరవించదగినది ఈ పనే.

అలా వడగట్టగా నిలిచిన రేణువులలో తాటి, కొబ్బరి చెట్ల కుటుంబానివీ, తెలుగునేల బూరుగు చెందిన ఉపకుటుంబానివీ ఉన్నాయని 2012లో ప్రకటితమైంది. గడ్డకట్టే చలిని ఓర్వలేని ఈ వృక్షాలను బట్టి, అక్కడి తీరంలో శీతకాలపు ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉండేదని పరిశోధకులు అంచనా వేశారు. పైపొరలలో ఆ చెట్లు కనుమరుగై, చల్లని వర్షారణ్యాలలో పెరిగే నోతోఫాగస్ అనే దక్షిణార్ధగోళపు వృక్షజాతి ప్రబలింది. గాలిలో అధికమైన కార్బన్ డయాక్సైడ్, వెచ్చని సముద్రం, మేఘాల కప్పు, వీటిలో ఏది ఎంత పనిచేసినందువల్ల వారాల తరబడి సూర్యోదయమే లేని ధ్రువప్రాంతపు చీకటిలో తాటిజాతి బతికిందన్నది, కంప్యూటర్ నమూనాలకు సులభంగా లొంగని ప్రశ్న.