కొత్త వెబ్‌సైటుకు ముందు మేం వేసుకున్న లెక్క



నేను పదో తరగతి వరకే చదివాను. వెబ్‌సైటు గురించి నన్ను మాట్లాడమన్నారంటే అది నాకు బాగా తెలుసని కాదు. దాని మీద మా సంఘం ఒకసారి డబ్బు పోగొట్టుకుంది, అందుకని.

మేం పదిమందిమి. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, కందిపొడి చేసి అమ్ముతాం. మూడేళ్ళ క్రితం టౌనులో ఒకతను మాకు సైటు చేసిపెడతానని 18,000 తీసుకున్నాడు. పేరు చెప్పను, ఇప్పుడు అనవసరం. చేశాడు, కాదనను. కానీ సైటు పేరు తన పేరు మీద కొన్నాడు. అందులో ఫోన్ నంబరూ అతనిదే. ఆర్డరు వస్తే అతను మాకు చెప్పాలి. ఏడాది తిరిగేసరికి సైటు ఆగిపోయింది, ఫోను ఎత్తడం మానేశాడు. అప్పటికే ఆ అడ్రసుతో 2,000 లేబుళ్ళు అచ్చు వేయించి ఉన్నాం. మామిడికాయల రోజుల్లో, చేతినిండా పని ఉన్నప్పుడు, స్కెచ్ పెన్నుతో ఆ అడ్రసు కొట్టేస్తూ కూర్చున్నాం. మాలో ఒక అక్క "నా వాటా 1,800 పాప ఫీజుకి దాచుకున్నదే" అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. లీడరుగా సంతకం పెట్టింది నేనే కదా.

ఈసారి ఎవరికీ పైసా ఇవ్వకముందే మూడు సమావేశాలు దీనికోసమే పెట్టుకున్నాం.

మొదట అర్థమైంది ఏమిటంటే, సైటు పేరు వేరు, సైటు వేరు. పేరును డొమైన్ అంటారు. అది ఇంటి స్థలం అనుకోండి. సైటు చేసేవాడు మేస్త్రీ. మేస్త్రీ పేరున స్థలం పట్టా రాయించే వాళ్ళుంటారా? మేం రాయించాం! అయితే పట్టాలాగా డొమైన్ ఒక్కసారి కొంటే సరిపోదు. ఏటా డబ్బు కట్టాలి. కట్టకపోతే ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. సైటు ఉంచే చోటుకి అద్దె మళ్ళీ వేరే. అందుకని ఈసారి సంఘం ఈమెయిలు పెట్టి డొమైన్ మేమే కొంటాం. రెన్యువల్ తేదీ తీర్మానాల పుస్తకంలో రాస్తాం. పాస్‌వర్డు ఇద్దరు లీడర్ల దగ్గరా ఉంటుంది, బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు ఉన్నట్టే. ఆర్డరు డబ్బు నేరుగా సంఘం ఖాతాలోనే పడాలి.

పేరు దగ్గర మాత్రం నవ్వుకున్నాం. పచ్చళ్ళు అని ఇంగ్లీషులో రాయమంటే ఐదుగురం ఐదు రకాలుగా రాశాం. కొనేవాళ్ళు ఏ రకంగా కొడతారో ఎవరికి తెలుసు? అందుకని తప్పు రాయడానికి వీల్లేని చిన్న పేరు ఒకటి అనుకున్నాం. అదేంటో ఇక్కడ చెప్పను, ఇంకా కొనలేదు.

ఇక ఫోటోలు. పాత సైటులో ఫోటోలు అతను ఎక్కడివో తెచ్చి పెట్టాడు. ఒకావిడ సీసా అందుకుని "ఫోటోలో ఉన్నది ఇది కాదే" అని ఫోను చేసింది. నిజమే, కాదు. ఇప్పుడు మా చెల్లెలి కూతురు పగటి వెలుతురులో మా జాడీలే తీస్తోంది.

సైటుకన్నా పెద్ద చిక్కు అమ్మకంలోనే ఉంది. పచ్చళ్ళలాంటి పన్ను పడే సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే, అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. మా ఆర్డర్లు ఎక్కువ హైదరాబాదువి. 2014 నుంచి హైదరాబాదు మనకి వేరే రాష్ట్రమే కదా! ఈ మాట పాత సైటు అతను చెప్పలేదు, మాకు తట్టనూ లేదు. కాబట్టి ముందు జీఎస్టీ, తర్వాతే సైటు. ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు మాకు ఉంది, లేబులు మీదే కాక సైటులో కూడా పెడతాం.

మాలో పెద్దావిడ ఒకరు "వాట్సాప్ ఉండగా సైటు ఎందుకే?" అన్నారు. అందులో సగం నిజం ఉంది. వాట్సాప్ బిజినెస్‌లో సరుకుల ఫోటోలు, ధరలు ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు. తెలిసినవాళ్ళకి అది చాలు. మా నంబరు లేని కొత్తవాళ్ళు మమ్మల్ని వెతుక్కోవడానికి మాత్రం సైటు కావాలి. అందుకే పెద్ద హంగు వద్దనుకున్నాం. మేమెవరం, ఏం చేస్తాం, ధరలు, కొరియరు ఖర్చు, మా ఫోను, అంతే. ఆవకాయ ఏడాదికి ఒక్కసారే పడతాం. అయిపోయిన రోజే సైటులో "అయిపోయింది" అని మార్చాలి. ఆ పని మార్చుకుంటూ నెలకొకరం చేస్తాం. మార్చడం మాకు నేర్పిస్తేనే చివరి వాయిదా ఇస్తామని చేసేవాళ్ళకి ముందే చెప్పాం. ఒకతను అలాగైతే నాకు కుదరదని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మూడు కొటేషన్లు మా దగ్గర ఉన్నాయి. మీ సంఘాల్లో ఎవరైనా సైటు పెట్టాలనుకుంటే, భోజనాల తర్వాత నేను ఆ చెట్టు కింద ఉంటాను, పుస్తకం తెచ్చాను, వచ్చి చూడండి.