ఎవరూ వాయించని ఫిడేళ్ళు



కిందటి నెల మా అక్క కొడుకు వచ్చి, "పిన్నీ, ఒక వరస కట్టాను, విను" అంటూ లాప్‌టాప్ తెరిచాడు. ఇరవై ఫిడేళ్ళు ఒక్కసారిగా మోగాయి. "ఇంతమందిని ఎక్కడ కూర్చోబెట్టావురా? డబ్బులెవరిచ్చారు?" అన్నాను. "ఎవరూ లేరు పిన్నీ. నేను స్వరాలు రాశాను, కంప్యూటరు వాయించింది" అన్నాడు. అవతల పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా నాకు తెలియలేదు.

ఇదెలాగో వాణ్ణి అడిగి తెలుసుకున్నాను. 1983లో వచ్చిన మిడి అనే పద్ధతి, ఫలానా స్వరం, ఇంతసేపు, ఇంత గట్టిగా అని యంత్రానికి చెబుతుంది, అంతే. గట్టితనానికి 127 మెట్లున్నాయిట. నాదం మటుకు వేరేచోటి నుంచి రావాలి. అందుకని నిజం వాద్యకారుల్నే కూర్చోబెట్టి, ఒక్కొక్క స్వరాన్నీ మెల్లగా, గట్టిగా, పొట్టిగా, పొడుగ్గా వాయింపజేసి దాచారు. ఆస్ట్రియాలో 2000లో ఒక సెల్లో వాద్యకారుడు మొదలుపెట్టిన వియన్నా సింఫోనిక్ లైబ్రరీలో అలాంటి ముక్కలు లక్షలకొద్దీ ఉన్నాయి. మనం ఊరగాయలు జాడీల్లో పెట్టుకుని కావలసినప్పుడు వడ్డించుకోమూ, అలాగే. స్వీడన్‌లో తయారైన నోట్‌పెర్ఫార్మర్ అయితే, రాసిన స్వరాలను ఒక సెకను ముందుగా చూసుకుని, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఎక్కడ కలిపి పలకాలో తేల్చుకుంటుంది.

పదేళ్ళు వీణ నేర్చుకున్నదాన్ని, ఊరుకుంటానా? "తోడి గాంధారం పలికించు చూద్దాం" అన్నాను. పలికింది, గోడకి కొట్టిన మేకులా! తోడి గాంధారం ఒక్కచోట నిలిచేదా? తీగ లాగి ఊపితేనే కదా అది తోడి! వాడు తెరమీద గీతలు గీసి, అరగంట తంటాలుపడి ఒక్క గమకం తెప్పించాడు. అదీ మిల్లు సైరనులా ఉంది. 2020లో వచ్చిన మిడి 2.0లో ఏ స్వరాన్నయినా విడిగా, ఇంకా సన్నగా వంచవచ్చట. కనక రేపో మాపో తోడీ పలుకుతుంది.

పలికితే నాకు సంతోషమే. కూనిరాగం తీసుకునే ఇల్లాలు కూడా, తన వరస వాద్యబృందం మీద ఎలా ఉంటుందో ఇంట్లోనే వినవచ్చు. నా మనసులో ముల్లు వేరే ఉంది. మా చిన్నాన్న మద్రాసులో సినిమా పాటలకి ఫిడేలు వాయించేవారు. ఏ రికార్డు మీదా ఆయన పేరుండదు. కీబోర్డులు వచ్చాక పిలుపులు తగ్గి, ట్యూషన్లు చెప్పుకుని బతికారు. మరి జాడీలోకి స్వరం ఇచ్చినవాళ్ళకి కూలి ఒక్కసారేనా, వడ్డించినప్పుడల్లానా? మావాడు నీళ్ళు నమిలాడు. మన వీణ స్వరాలు దాచేరోజు వస్తే, వాయించే అమ్మాయి సంతకానికి ముందు ఈ మాట అడిగి తీరాలి.

ఆ పాటలో ఒక్క ఫిడేలైనా మనిషిచేత వాయించమని మావాణ్ణి పోరుతున్నాను. చిన్నాన్నగారి శిష్యుడొకాయన ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం రికార్డింగు. సున్నుండలు నావి.