మెమొరీలో లెక్క, డేటాబేసులో పద్దు

సంతనాటి కిరాణా కొట్టు శ్రోతలకు క్రొత్త కాదు. ఒక్కొక్క ఖాతాదారు సరుకు తీసికొనగనే వర్తకుడు ఆవర్జా తెరచి, ఖాతా వెదకి, పద్దు వ్రాయ మొదలిడినచో బేరము సాగదు. అతడు కొన్నిటిని మనస్సున నుంచుకొనును; కొన్నిటిని చిట్టాలో టూకీగా వ్రాసికొనును; తీరిక దొరకినపుడు ఆవర్జాకు ఎక్కించును. నేటి వెబ్‌సైట్లలో పెక్కింటి పద్ధతియు ఇంచుమించు ఇట్టిదే.

వెబ్‌సైటునకు ఆవర్జా వంటిది డేటాబేసు. అది డిస్కుపై నుండును; కరెంటు పోయినను చెరగదు. మనస్సు వంటిది కంప్యూటరు మెమొరీ. తిరుగు పళ్లెముగల డిస్కుతో పోల్చినచో, మెమొరీలో ఒక వివరమును అందుకొనుట సుమారు లక్ష రెట్లు వేగము. కాని కరెంటు పోయినచో అందున్నదంతయు పోవును.

ఒక వార్తను నిమిషమునకు 6,000 మంది చదువుచున్నారనుకొందము. పాఠకుల సంఖ్యను ప్రతి పర్యాయము డేటాబేసున చేర్చినచో 6,000 వ్రాతలు. మెమొరీలో లెక్కించి నిమిషమునకొకమారు చేర్చినచో ఒక్క వ్రాతయే. ఇందొక మెలకువ కలదు. పలు కంప్యూటర్లు లెక్కించునపుడు, ఏదియు పాత మొత్తమును తుడిచి తన సంఖ్యను వ్రాయరాదు. తనవద్ద క్రొత్తగా పోగైనదానినే కూడవలెను. వ్రాత ముగిసినదని డేటాబేసు తెలిపిన పిమ్మటనే ఆ మేరకు మెమొరీలో తగ్గింపవలెను.

వ్రాయకమునుపే యంత్రము ఆగినచో ఆ నిమిషపు లెక్క పోవును. ఇటలీ దేశీయుడగు సాల్వతోరే సాన్‌ఫిలిప్పో 2009లో వెలువరించిన ‘రెడిస్’ సమాచారమును మెమొరీలోనే నిలుపు సాధనము. అందు రెండు కాపుదలలు కలవు. మొదటిది, నిర్ణీత వ్యవధిలో మొత్తమునకు నకలు తీసి డిస్కుపై నుంచుట. రెండవది, ప్రతి మార్పును చిట్టాలో వలె వరుసగా వ్రాయుచు, సెకనుకొకమారు డిస్కుపై స్థిరపరచుట. అప్పుడు నష్టము ఒకటి రెండు సెకన్ల లెక్కయే.

వార్త చదివినవారి లెక్కలో వందమంది తగ్గినను ఎవరికిని కీడు లేదు. కాని ఒక తల్లి తన కుమారుని పరీక్ష రుసుము చెల్లింపగా, ‘చెల్లినది’ అని తెరపై చూపి, డిస్కుపై వ్రాయకమునుపే ఆ పద్దు పోయినచో, ఆ బాలునకు ఒక సంవత్సరము నష్టము కావచ్చును. కావున ధనము, టిక్కెట్టు మొదలగు విషయములందు ముందు శాశ్వతముగా వ్రాసి, పిమ్మటనే ‘అయినది’ అని చెప్పవలెను. ఏ పద్దును ఎంతసేపు మెమొరీలో నుంచవచ్చునో నిర్ణయించుటకు ముందు, అది పోయినచో నష్టపడువారెవరో విచారించుట ప్రోగ్రాము వ్రాయువారి మొదటి విధి.